సవరణకు తావున్న ధన్యవాదం

గత నెలలో ఒక ఆదివారం ఉదయం నలుగురు పెద్దమనుషులు మా ఇంటికి దయచేశారు. నలుగురూ ఈ మహానగరంలో మా పేటలోని తెలుగు సంఘం కార్యవర్గ సభ్యులే. కాఫీలు పూర్తి అయిన తరువాత అసలు సంగతి బయటపెట్టారు. సంఘానికి చిరకాలంగా కార్యదర్శిగా ఉన్న పెద్దాయనకు ఎనభయ్యవ ఏడు వచ్చింది. ఆయనకు సన్మానం తలపెట్టారు. శాలువా, జ్ఞాపిక, పూలదండ సిద్ధం. కావలసినదల్లా సన్మాన పత్రం. "మీరు పత్రికల్లో వ్రాసేవారు గదా, రెండు ముక్కలు వ్రాసి పెట్టండి" అన్నారు. అంతటితో ఆగక, తాము తయారు చేసి తెచ్చిన చిత్తుప్రతిని కూడా నా చేతిలో ఉంచి వెళ్ళారు.

చదివాను. అందులో ఆయన అపర కర్ణుడు, ఆపద్బాంధవుడు, అభినవ భగీరథుడు, ఢిల్లీ తెలుగువారి పాలిటి కల్పవృక్షం. ఇన్ని విశేషణాల మధ్య ఆ మనిషి మాత్రం ఎక్కడా కనిపించలేదు. పేరు మార్చితే చాలు, అదే పత్రాన్ని ఏ మంత్రిగారి ఎదుటనైనా, ఏ గుత్తేదారు ఎదుటనైనా చదవవచ్చు.

అర్హత లేనివారిని పొగడమంటే ఏదో ఒక సాకు చెప్పి తప్పుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు, ఈయన నిజంగా స్తుతికి అర్హుడు. అదే నాకు వచ్చిన చిక్కు. అర్హుణ్ణి, అందులోనూ ఎదుట కూర్చున్న అర్హుణ్ణి, ఇచ్చకపు మాటగా ధ్వనించకుండా పొగడడం ఎలాగ? పైగా నేను ఆయనకు ఋణపడినవాణ్ణి. చాలా ఏళ్ళ క్రితం మా నాన్నగారిని వైద్యానికి ఇక్కడకు తీసుకువచ్చినపుడు, రక్తం కావలసివస్తే అర్ధరాత్రి ఇద్దరు కుర్రవాళ్ళను వెంటబెట్టుకొని వచ్చినవారు ఆయనే. నేను ఎంత నిజం చెప్పినా అది ఋణం తీర్చుకోవడం క్రింద జమ అవుతుంది. సంఘం ఎన్నికలు కూడా దగ్గర పడ్డాయి. ఈ కబురు అప్పుడే పాకినట్లుంది. సంఘంలో సభ్యుడైన పక్క వీధి యువకుడొకడు మెట్ల మీద ఎదురై, "బాబాయిగారూ, మీరు కూడా భజన బృందంలో చేరారటగా!" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని మాట తగిలింది.

తెలుగులో ఈ పనికి ఉన్నన్ని పేర్లు మరి దేనికీ లేవేమో. ముఖస్తుతి, ఇచ్చకం, భట్రాజు పొగడ్త, వందిమాగధుల స్తోత్రం, కాకా పట్టడం, భజన చేయడం - ఇలా ఎన్నైనా చెప్పవచ్చు. నిజమైన మెచ్చుకోలుకు వాడే మాటలు వీటితో పోల్చితే తక్కువే. ఏ సరుకు బజారులో ఎక్కువగా దొరుకుతుందో దానికే గదా ఎక్కువ పేర్లు పుడతాయి! మన కవులకూ ఈ సంగతి బాగా తెలుసు. రాజులను ఆశ్రయించి కనకాభిషేకం పొందిన శ్రీనాథుడు కడపటి రోజులలో కటిక దారిద్ర్యం అనుభవించాడని చెప్పుకుంటాము. పోతన తన భాగవతాన్ని రాజుకు కాక రామునికి అంకితం ఇచ్చాడని గర్వంగా చెప్పుకుంటాము. రాజులను నిందిస్తూ ధూర్జటి శతకమే చెప్పాడు. అయితే వీరు చూపిన దారి నాకు పనికి రాదు. మనుషులను పొగడను, దేవుణ్ణే పొగడుతాను అనడం కవికి చెల్లుతుంది. పదిమందితో కలిసి బ్రతికేవాడు తోటి మనిషి మేలు చేసినపుడు మౌనంగా ఉంటే అది విరక్తి అనిపించుకోదు, కృతఘ్నత అవుతుంది.

ఒక నినాదం కథ

ఢిల్లీలో కాపురం ఉన్నవారికి స్తోత్రం కొత్త కాదు. నాయకుల పుట్టినరోజు వస్తే కూడళ్ళలో నిలువెత్తు బొమ్మలు వెలుస్తాయి. జాగ్రత్తగా చూస్తే వాటిలో నాయకుని ముఖం క్రింద, కొంచెం చిన్న పరిమాణంలో, ఆ బొమ్మ పెట్టించినవారి ముఖం కూడా ఉంటుంది. ఆ రెండవ ముఖం కోసమే మొదటి ముఖం అక్కడ ఉన్నదని దారిన పోయేవారందరికీ తెలుసు. ఇచ్చకానికి ఇదే మొదటి గుర్తు. పొగిడేవాడు తాను ఎంత భక్తుడో చూపించుకుంటాడే గాని, ఎదుటివాడు ఏమి చేశాడో చెప్పడు.

ఈ విద్యకు పరాకాష్ఠ ఏదంటే ఇప్పటికీ అందరూ 1970ల నాటి ఒక నినాదాన్నే తలచుకుంటారు. ఇందిరయే ఇండియా, ఇండియాయే ఇందిర అన్నారు ఆనాటి కాంగ్రెసు అధ్యక్షుడు దేవకాంత బారువా. 1975 జూన్ 25న ఆత్యయిక పరిస్థితి వచ్చింది. పత్రికల మీద సెన్సారు కూర్చున్నది. 1977 మార్చిలో ఎన్నికలు జరిగితే ఉత్తర భారతమంతటా కాంగ్రెసు కొట్టుకుపోయింది. ప్రధాని స్వయంగా రాయబరేలీలో ఓడిపోయారు. పత్రికలలో సెన్సారు, చుట్టూ స్తోత్రం - ఈ రెండింటి నడుమ కూర్చున్న పాలకులకు దేశం మాట వినపడే దారి ఏది? ఆ తరువాతి కాలంలో బారువా కూడా ఇందిరాగాంధీకి దూరమై వేరు కాంగ్రెసులో చేరారు. బారువా చదువుకున్నవారు, అస్సామీ భాషలో కవి. అయినా నేడు ఆయన పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది ఆ ఒక్క నినాదమే. అతిస్తుతి పొందినవారిని పొరపాటు దారి పట్టిస్తుంది, పలికినవారిని అయితే జీవితాంతం వదలదు.

అనని మాట కూడా వదలదు. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సందర్భంలో అటల్ బిహారీ వాజ్‌పేయీ ఇందిరాగాంధీని దుర్గ అన్నారని ఈనాటికీ సభలలో చెబుతూ ఉంటారు. తాను అలా అనలేదని ఆయనే తరువాత స్పష్టం చేశారు. ఆయన మాట కన్నా ఆ కథే బలంగా నిలిచిపోయింది.

మన పొరుగున ఢాకాలో జరిగినది ఇంకా విషాదకరం. షేక్ ముజిబుర్ రహమాన్ ఆ జాతికి నిజంగానే నాయకుడు. 1971 మార్చి 7న ఆయన చేసిన ప్రసంగం ఒక దేశాన్ని నడిపించింది. అటువంటివారు 1975 జనవరిలో రాజ్యాంగాన్ని సవరించి ఏకపార్టీ విధానానికి దారి వేసుకున్నారు. ఆగస్టు 15న హతులయ్యారు. తరువాత కుమార్తె షేక్ హసీనా పాలనలో ఆయన విగ్రహాలు దేశమంతటా వెలిశాయి. 2024 ఆగస్టు 5న ఆమె దేశం విడిచిన నాడే జనం ఆ విగ్రహాలపై పడ్డారు. 2025 ఫిబ్రవరిలో ధన్‌మండీలోని ఆయన ఇల్లు సైతం నేలమట్టమయింది. కుమార్తె పాలనపై వచ్చిన కోపం తండ్రి చేసిన మంచి మీద కూడా పడింది. స్తుతిని ప్రభుత్వమే నిర్బంధం చేస్తే, అర్హుడైన మహనీయునికి కూడా అది చివరకు చేటే తెస్తుందని దీనివలన తెలుస్తున్నది.

చాణక్యుని హెచ్చరిక

స్తుతి పొందేవారికే ఈ ప్రమాదం తెలిసిన సందర్భం మన చరిత్రలో ఒకటి ఉన్నది. 1937 నవంబరులో కలకత్తా నుంచి వెలువడే 'మోడరన్ రివ్యూ' పత్రికలో 'రాష్ట్రపతి' అనే వ్యాసం వచ్చింది. వ్రాసినవారి పేరు చాణక్య. విషయం, అప్పటి కాంగ్రెసు అధ్యక్షుడు జవహర్‌లాల్ నెహ్రూ. జనసమూహాల జేజేలు ఆయనకు ఎంత ఇష్టమో, ఆ జేజేలు ఆయన అహంకారాన్ని ఎలా పెంచుతున్నాయో ఆ వ్యాసం నిర్దాక్షిణ్యంగా వివరించింది. జనాదరణ, పట్టుదల, శక్తి, గర్వం - నియంతకు కావలసిన దినుసులన్నీ ఈయనలో ఉన్నాయని, మళ్ళీ అధ్యక్షునిగా ఎన్నుకోవద్దని హెచ్చరించింది. ఎవరో గిట్టనివారు వ్రాశారనుకున్నారు చదివినవారు. ఆ చాణక్యుడు నెహ్రూయేనని తరువాత తెలిసింది.

ఇందులో కొంత నాటకం లేకపోలేదని అనేవారు ఉన్నారు, కావచ్చు. కాని తన్ను పొగడే గొంతుల మధ్య వ్యతిరేకంగా ఒక గొంతు ఉండాలని, ఎవరూ ముందుకు రాకపోతే ఆ పని తానే చేయాలని ఒక నాయకునికి తోచడం చిన్న విషయం కాదు. మారీచుడు రావణునికి చెప్పినదీ ఈ హితవే. తియ్యగా మాట్లాడేవారు ఎక్కడైనా దొరుకుతారు, చేదైన మేలిమాట చెప్పేవారూ దానిని వినేవారూ దొరకడమే కష్టమని. రావణుడు వినలేదు. కథ ఎలా ముగిసిందో పాఠకులకు చెప్పనక్కరలేదు.

రాజ్యాంగ నిర్ణయ సభలో

అయితే నాకు కావలసినది హెచ్చరిక మాత్రమే కాదు, మాదిరి కూడా. పొగడ్త ఎలా ఉండకూడదో చెప్పే ఉదాహరణలు కోకొల్లలు. ఎలా ఉండాలో చూపేవి ఏవి? ఆ వారమంతా సాయంకాలాలు రాజ్యాంగ నిర్ణయ సభ చర్చల సంపుటాలు తిరగవేస్తూ కూర్చున్నాను. అక్కడ దొరికాయి.

1948 నవంబరు 5న టి.టి. కృష్ణమాచారి లేచి డాక్టర్ అంబేడ్కర్ కృషిని ప్రస్తావించారు. మహామేధావి అనో, అపర మనువు అనో ఆయన అనలేదు. ఒక లెక్క చెప్పారు. ముసాయిదా సంఘానికి ఏడుగురిని నియమించారు. ఒకరు రాజీనామా చేస్తే వారి స్థానంలో మరొకరు వచ్చారు. ఒకరు మరణించారు. ఒకరు అమెరికాలో ఉండిపోయారు. ఇంకొకరు సంస్థాన వ్యవహారాలలో మునిగిపోయారు. ఒకరిద్దరు ఢిల్లీకి దూరంగా ఉండి, బహుశా అనారోగ్యం వల్ల, రాలేకపోయారు. కాబట్టి ముసాయిదా భారమంతా చివరకు అంబేడ్కర్ మీదనే పడిందని, ఆయన దానిని శ్లాఘనీయంగా నిర్వహించారని తేల్చారు. అదే ప్రసంగంలో, ఇంత ముఖ్యమైన పనికి ముసాయిదా సంఘం నుంచి అందవలసినంత శ్రద్ధ అందలేదని కూడా నిర్మొహమాటంగా అన్నారు. వింటున్నవారిలో ఎవరికైనా ఇది ఇచ్చకమనే అనుమానం కలిగి ఉంటుందా? మెప్పు పక్కనే లోపం కూడా చెప్పినందువల్ల మెప్పుకు బలం చేకూరింది. విశేషణాలు వేసి ఉంటే సభ ఆ మాటను మరునాడే మరచిపోయేది. లెక్క చెప్పారు గనుక డెబ్భై ఏళ్ళు దాటినా మనం తలచుకుంటున్నాము.

ఆ మెప్పును అంబేడ్కర్ ఎలా స్వీకరించారో చూడండి. రాజ్యాంగం ఆమోదం పొందడానికి ముందు రోజున, 1949 నవంబరు 25న, ఆయన ముగింపు ప్రసంగం చేశారు. తనకు ఇస్తున్న ఘనత నిజానికి తన ఒక్కడిది కాదన్నారు. కొంత ఘనత రాజ్యాంగ సలహాదారు బెనెగళ్ నరసింగరావుగారిది అన్నారు. మొదటి చిత్తుప్రతిని తయారు చేసినవారు ఆయన. సభలో సభ్యులు కూడా కారు. 141 రోజులు కూర్చున్న ముసాయిదా సంఘ సభ్యులకు కొంత వాటా ఇచ్చారు. అంతకన్నా పెద్ద వాటా ప్రధాన ముసాయిదాకారుడు ఎస్.ఎన్. ముఖర్జీకి ఇచ్చారు, ఎంతటి చిక్కు ప్రతిపాదననైనా సరళమైన, స్పష్టమైన చట్టభాషలో పెట్టగల నేర్పు ఆయనదని కారణం కూడా చెప్పారు. ఒక్కొక్కసారి అర్ధరాత్రి దాటేవరకూ పని చేసిన సిబ్బందిని తలచుకున్నారు. తనకు అడుగడుగునా అడ్డు తగిలిన కామత్, కె.టి. షా, హృదయనాథ్ కుంజ్రూ వంటివారి పేర్లు చెప్పి, వారు లేకపోతే ఈ సభ చప్పగా ఉండేదని, వారి విమర్శ వల్లనే రాజ్యాంగ సూత్రాలను వివరించే అవకాశం వచ్చిందని వారికీ కృతజ్ఞత తెలిపారు. సభలో ప్రతిపాదించిన సవరణలే 2,473 అని గుర్తు చేసుకుంటే ఆ ఓర్పు విలువ తెలుస్తుంది.

ఆ ప్రసంగంలోనే ఆయన జాతికి మరొక హెచ్చరిక చేశారు. ఎంతటి గొప్పవాడైనా సరే, ఒక మనిషి పాదాల దగ్గర తమ స్వేచ్ఛను సమర్పించవద్దన్నారు. జీవితమంతా దేశసేవ చేసినవారి పట్ల కృతజ్ఞత తప్పు కాదు గాని కృతజ్ఞతకు ఒక హద్దు ఉన్నదన్నారు. మతంలో భక్తి ముక్తికి మార్గం కావచ్చు, రాజకీయాలలో మాత్రం అది పతనానికీ నియంతృత్వానికీ దారి అన్నారు. తోటివారిని పేరుపేరునా పొగడిన నోటితోనే, అదే పూట, భక్తి వద్దని చెప్పారు. నా వరకు నాకు ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధంగా తోచలేదు. పనిని చూసి మెచ్చుకోవడం మెప్పు. పని మాట మరచి మనిషినే పూజించడం భక్తి. పై చూపుకు రెండూ ఒకలాగే కనిపిస్తాయి గనుకనే ఇంత జాగ్రత్త అవసరమవుతున్నది.

ప్రతిపక్షి నోట, ఆలస్యపు నోట

మెప్పు ఎవరి నోట వస్తున్నదన్నది కూడా చూడాలి. నెహ్రూ కాలధర్మం చెందిన రెండు రోజులకు, 1964 మే 29న రాజ్యసభలో జనసంఘ్ సభ్యుడుగా వాజ్‌పేయీ అర్పించిన నివాళిని ఈనాటికీ పార్లమెంటు సంప్రదాయానికి మకుటంగా చెబుతారు. ఆ సభలో నెహ్రూను అంతకు ముందు ఘాటుగా విమర్శించినవారు ఆయన. నివాళిలో ఆ అభిప్రాయభేదాలను దాచలేదు. అవి ఉన్నప్పటికీ నెహ్రూ ఆశయాల పట్ల, దేశభక్తి పట్ల, ధైర్యం పట్ల తనకు ఆదరం ఉన్నదని చెప్పారు. 1977లో విదేశాంగ మంత్రి అయినపుడు, సౌత్ బ్లాక్ నడవాలో తాను పూర్వం చూసిన నెహ్రూ చిత్రపటం కనిపించకపోతే ఎక్కడికి పోయిందని అడిగారట. ఎవరూ జవాబు చెప్పలేదు గాని పటం మళ్ళీ వచ్చి గోడకెక్కింది. ఈ సంగతి ఆయనే తరువాత లోక్‌సభలో చెప్పారు. పొగిడినందువల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదు. ఆ మెప్పును జనం నమ్మడానికి అదే కారణం.

మెప్పు ఎప్పుడు వస్తున్నదన్నది ఇంకొక పరీక్ష. ఈ విషయంలో తెలుగువారికి గుచ్చుకునే ఉదాహరణ పి.వి. నరసింహారావుగారిది. 1991 జూన్ 21న ఆయన ప్రధాని అయ్యారు. పదవిలో ఉన్న అయిదేళ్ళు ఆయన ఇంటి ముందు వాహనాల వరుసకు లోటు లేదు. 1996 ఎన్నికలలో ఓడిన తరువాత ఆ వరుస పలచబడింది. 2004 డిసెంబరు 23న ఢిల్లీలో కన్నుమూస్తే, అంతిమయాత్ర అక్బర్ రోడ్డులోని పార్టీ కార్యాలయం బయట ఆగిందే గాని పార్థివదేహం లోపలికి వెళ్ళలేదు. అంత్యక్రియలు హైదరాబాదులో జరిగాయి. భారతరత్న ప్రకటించినది 2024లో, ఆయన పోయిన ఇరవై ఏళ్ళకు. పదవి ఉన్నపుడు వెల్లువైన మాటలలో ఎన్ని ఆయనకు చెందినవి, ఎన్ని ఆయన కుర్చీకి చెందినవి? పదవి పోయిన మరునాడు కూడా అనగలిగిన మాటనే పదవి ఉన్ననాడు అనాలి. నాకు ఇంతకు మించిన కొలత కనిపించదు.

బిరుదుల విషయం కూడా ఒక మాట చెప్పాలి. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది. 1954లో భారతరత్న, పద్మ పురస్కారాలు వచ్చాయి. వాటిని రద్దు చేయాలని ఆచార్య కృపలానీ 1969లో బిల్లు తెచ్చారు, నెగ్గలేదు. 1977లో జనతా ప్రభుత్వం ఆపివేసింది, 1980లో మళ్ళీ మొదలయ్యాయి. ఇవి బిరుదులు కావని, పేరుకు ముందో వెనుకో తగిలించుకోరాదని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. మన సంఘాల వేదికల మీద ఈ తీర్పు అమలులో ఉన్నదా లేదా అన్నది పాఠకులే చెప్పగలరు!

పుచ్చలపల్లి సుందరయ్యగారికి ఏ బిరుదూ అక్కరలేకపోయింది. ఆయన పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారని ఢిల్లీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిరాడంబరుడు, త్యాగమూర్తి అని పది మాటలు పేర్చినా చెప్పలేనిది ఆ ఒక్క సైకిలు చెబుతున్నది.

నోటుపుస్తకం

ఇంత చదివిన తరువాత మా కార్యదర్శిగారి ఇంటికి వెళ్ళాను. పత్రం సంగతి చెప్పకుండా ఆయన నోటుపుస్తకం ఒకసారి చూపించమని అడిగాను. తెలుగునాట నుంచి వైద్యం కోసం అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు వచ్చేవారి పేర్లు, ఊళ్ళు, దిగిన రైలు, వారికి చూపించిన బస, రక్తం ఇచ్చినవారి ఫోను నంబర్లు - ఇవే అందులో ఉన్నాయి. హిందీ రాని ముసలమ్మకు వైద్యుడు చెప్పినది తెలుగులో చెప్పడానికి ఏ రోజు ఎవరిని పంపాలో కూడా వ్రాసుకున్నారు. కొన్ని పేర్ల ఎదుట చిన్న సున్నా చుట్టి ఉంది. అదేమిటని అడిగితే కాస్సేపు ఆగి, "వారు తిరిగి వెళ్ళలేదు" అన్నారు. ఆ సున్నాలు ఉన్నచోట మృతదేహం ఏ బండిలో వెళ్ళిందో, ఎంత ఖర్చయిందో, చందాలు ఎవరిచ్చారో పైసలతో సహా లెక్క ఉంది.

పుస్తకం తిరగవేస్తుంటే మరొకటి కూడా కనిపించింది. మొదటి పుట నుంచి చివరి పుట వరకు ఒకే చేతివ్రాత. ఇన్నేళ్ళలో ఈ పనిని రెండవ మనిషికి నేర్పలేదు. కొత్తవారు ముందుకు వచ్చినపుడు వారి పని నచ్చక మళ్ళీ తానే మీద వేసుకున్న సందర్భాలు సంఘంలో అందరికీ తెలుసు. మా యువకుడి వెటకారం వెనుక ఉన్నదీ ఆ బాధే. అతడు రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ చిన్నబుచ్చుకొని వెళ్ళినవాడు.

ఆ రాత్రి పత్రం వ్రాశాను. కల్పవృక్షాన్నీ భగీరథుణ్ణీ తీసివేశాను. నోటుపుస్తకంలో ఉన్నదే వ్రాశాను. శీతకాలపు తెల్లవారుజామున స్టేషనులో ఆలస్యంగా వచ్చే రైలు కోసం ఆయన ఒంటరిగా నిలబడిన రాత్రులను వ్రాశాను. మా నాన్నగారి సంగతి వ్రాసి, నేను ఈయనకు ఋణపడినవాడనని మొదటి వాక్యంలోనే ఒప్పుకున్నాను. రాజ్యసభ సభ్యులు తమ స్వప్రయోజనాలను రిజిస్టరులో నమోదు చేయవలసి ఉంటుంది. పొగడేవారికి కూడా ఆ నియమం ఉంటే తప్పేమిటి? చివర ఒక వాక్యం చేర్చాను: ఈ నోటుపుస్తకంలో రెండవ చేతివ్రాత కూడా చూడాలని సంఘ సభ్యుల కోరిక, ఆ భాగ్యం తామే కలిగించవలసిందని ప్రార్థన.

కార్యవర్గంవారు చదివి ముఖముఖాలు చూసుకున్నారు. "సన్మాన పత్రంలో ఇదేమిటండీ, శాలువా కప్పి చురక పెట్టినట్లు!" అన్నారు ఒకరు. పార్లమెంటులో ఒక ఆచారం ఉన్నదని వారికి చెప్పాను. 87వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి ప్రసంగిస్తారు. ఉభయ సభలూ ఆయనకు ధన్యవాద తీర్మానం చేస్తాయి. దేశంలోని అత్యున్నత పీఠానికి చెప్పే ఆ ధన్యవాదానికి కూడా సభ్యులు సవరణలు ప్రతిపాదించవచ్చు. రాజ్యసభలో 1980, 1989, 2001, 2015, 2016 సంవత్సరాలలో అవి నెగ్గాయి కూడా. రాష్ట్రపతి గౌరవానికి ఏమీ లోటు రాలేదు. సవరణకు తావు లేని ధన్యవాదం దర్బారులో ఉంటుంది, సభలో ఉండదు. మన సంఘం సభయో దర్బారో మీరే తేల్చుకోండి అన్నాను. చాలాసేపు తర్జనభర్జన జరిగిన మీదట ఆ వాక్యం నిలిచింది.

సభనాడు పత్రం నేనే చదివాను. చివరి వాక్యం దగ్గరకు వచ్చేసరికి నా గొంతు కాస్త తగ్గినమాట నిజం. పెద్దాయన తల వంచుకొని విన్నారు. చప్పట్లు ఆగిన తరువాత మైకు దగ్గరకు వచ్చి, పత్రంలో ఒక తప్పు ఉన్నదన్నారు. మా గుండెలు జారాయి.

"స్టేషనులో నేను ఒంటరిగా నిలబడ్డానని వ్రాశారు. అది నిజం కాదు. ఆటో నడిపే ఒక సర్దార్‌జీ ఉండేవారు. రాత్రిళ్ళు నాతోబాటు చలిలో నిలబడేవారు. రోగులను తీసుకువెళ్ళినందుకు ఏనాడూ బాడుగ తీసుకోలేదు. ఇప్పుడు లేరు. ఆయన పేరు లేకుండా ఈ పత్రం నేను పుచ్చుకోలేను" అన్నారు. తరువాత కొంచెం ఆగి, "చివరి వాక్యం మాత్రం అలాగే ఉంచండి. అది సరిగానే ఉంది" అన్నారు.

హాలు నిశ్శబ్దమయింది. మా యువకుడు వెనుక వరుస నుంచి లేచి వచ్చి, జేబులోని కలం తీసి ఆయన ముందు పెట్టాడు. పెద్దాయన అచ్చుపత్రం మీద, 'ఒంటరిగా' అన్న మాట కొట్టివేసి, ఆ పైన వణుకుతున్న చేతితో సర్దార్‌జీ పేరు వ్రాశారు. పటం కట్టించిన ఆ పత్రం ఇప్పుడు సంఘం కార్యాలయంలో గోడకు వేలాడుతున్నది, ఆ కొట్టివేతతో సహా.

నోటుపుస్తకం ఇంకా ఆయన దగ్గరే ఉన్నది. అయితే మొన్న శనివారం రాత్రి కొత్తఢిల్లీ స్టేషనుకు ఇద్దరూ కలిసి వెళ్ళారని తెలిసింది.